ఐసీ అత్త చిక్కుడు పాదు

మా డోవ్ గ్యాప్ ఊళ్ళో బెండకాయల సంగతి ఎవరెత్తినా చివరికి నా దగ్గరికి రావలసిందే. ఒక ఏడు నా బెండమొక్కలు ఎంత ఎత్తు ఎదిగాయంటే, టెలిఫోన్ కంపెనీవాళ్ళు వచ్చి స్తంభాలు పాతడం మానేసి వాటికే తీగలు కట్టుకుని పోయారు. ఆ వేసవంతా మా రోడ్డులో ఎవరు ఫోన్ చేసినా మాటలకి కాస్త జిగురు అంటుకునేది. బడి నన్ను ఎనిమిదో తరగతిలోనే వదిలేసింది కాబట్టి లెక్కలు సరిగా రావు, ఆ మొక్కల ఎత్తు ఎంతో నన్నడగొద్దు.

ఇందులో నా బెండకాయల గురించి రాసినదాంట్లో సగం మీరు తీసేసుకోవచ్చు. ఐసీ అత్త గురించి రాసినదాంట్లో మాత్రం ఒక్క మాటా పెంచలేదు. పెంచడానికి ఆవిడ దగ్గర అంత పెద్ద సంగతులేం లేవు. ఒక పెరడు, కొన్ని కోళ్ళు, ఒక రకం చిక్కుడు గింజ. అంతే.

ఆవిడ పేరు ఐసీ బెల్ టిడ్‌మోర్. మా అలబామా కొండల్లో పెద్దావిడల్ని చుట్టరికం లేకపోయినా అత్తా అనే పిలుస్తాం; కొందరు మర్యాదకి, పెళ్ళయినా సరే, మిస్ అంటారు. ఆవిడ పసిపిల్లగా ఉన్నప్పుడే ప్రభుత్వం నదికి అడ్డంగా ఆనకట్ట కట్టింది. వాళ్ళ పొలం, ఇల్లు, వాళ్ళు ప్రార్థనకి వెళ్ళే చర్చి, అన్నీ సరస్సు కిందికి పోయాయి. ఖాళీ చేసేనాడు వాళ్ళమ్మ డెల్ఫీ ఇనప పొయ్యినీ, కోళ్ళ గంపనీ బండికెక్కించి, చిక్కుడు గింజల్ని ముక్కుపొడుం డబ్బాలో పోసి తన జాకెట్లో దోపుకుందట. పొయ్యి తుప్పుపట్టి పోయింది. కోళ్ళు ఎప్పుడో కూరైపోయాయి. గింజలు మాత్రం ఏడాదికోసారి మళ్ళీ మళ్ళీ పుడుతూ ఐసీ అత్త చేతికొచ్చాయి.

తెల్లటి చిన్న గింజ. కంటి పక్కన ద్రాక్షసారా చిందినట్టు ఎర్రమచ్చ. ఉప్పు పట్టించిన పందిమాంసం ముక్క వేసి ఉడికిస్తే, పక్కన మొక్కజొన్న రొట్టె ఉంటే, ఇంక మాట్లాడేవాడు ఉండడు. నేను కూడా మాట్లాడను, చూసుకోండి. టిడ్‌మోర్ చిక్కుడు అంటారు దాన్ని మా వైపు. ఇంకెక్కడా లేదు. విత్తనాల కంపెనీల పుస్తకాల్లో వెతికి వెతికి కళ్ళు కాయలు కాసినవాళ్ళున్నారు.

"ఆ సరస్సులో నేను పట్టిన చేప కడుపులో మీ ఇంటి తలుపు గడియ దొరికిందత్తా," అని ఒకసారి ఏడిపించాను.

"తెచ్చివ్వలేకపోయావా? ఇప్పుడున్న తలుపుకి గడియ సరిగా పడట్లేదు," అంది ఆవిడ.

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు మేజోళ్ళ మిల్లులో పనిచేసింది. కాలి వేళ్ళ దగ్గర కుట్టు వేసే పని. మిల్లు మూసేశాక, "దేశం మొత్తానికి కాళ్ళు వెచ్చగా ఉంచాను, ఇక వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు," అని పెరట్లోకి దిగిపోయింది. మొగుడు గ్రేడీ కలప లారీ బోల్తాపడి చిన్నవయసులోనే పోయాడు. పిల్లల్లేరు. అందుకని ఆవిణ్ణి చూసి ఎవరూ జాలిపడేవాళ్ళు కాదు. జాలిపడబోతే చేతికి కలుపు తవ్వే పార ఇచ్చేది.

శనివారం పొద్దున్న మేమంతా విత్తనాల కొట్టు అరుగు మీద చేరతాం. కోలా సీసాలో ఉప్పు వేరుశనగలు పోసుకుని, తాగుతూ నములుతూ అబద్ధాలాడుకుంటాం. బెండకాయల డోయల్ అనే నేనూ, టమాటాల యూలీన్ స్పార్క్సూ, ఆవులు మేపుకునే హాలిస్ క్రంపూ, ఐసీ అత్తా. హాలిస్‌కి పెళ్ళాం పోయి చాలా ఏళ్ళయింది. అప్పట్నుంచీ ప్రతి శనివారం ఐసీ అత్త పక్కనే కూర్చుని ఆవుల గురించి మాట్లాడతాడు. వేరే సంగతి మాట్లాడాలని ఆయనకి ఉన్నట్టు మా అందరికీ తెలుసు. ఆవులకీ తెలుసు.

నేను చెప్పబోయే ఏటికి ముందు వేసవిలో మాకు చుక్క వాన లేదు. చిక్కుడు పూత చాలావరకు రాలిపోయింది. ఐసీ అత్తకి గింజలు ఒక కాఫీ కప్పుకి సరిపడా మిగిలాయి. మామూలుగా వసంతం రాగానే మందుబిళ్ళల సీసాల్లో గింజలు పోసి అరుగు మీద అందరికీ పంచిపెట్టేది. ఆ ఏడు ఉత్త చేతులతో వచ్చింది.

"ఏదీ నా సీసా?" అంది యూలీన్, చెయ్యి చాపి.

"ఈ ఏడు ఎవరికీ లేదు. అన్నీ నేనే నాటుతున్నా. కోత కోసుకుని వచ్చే ఏడు ఇస్తా."

"అయ్యో! ఐసీ బెల్‌కి ముసలితనంలో పిసినారితనం పట్టుకుందర్రా."

"కిందటేడు ఇచ్చినవాట్లో నువ్వేమైనా దాచావా?"

"దాచడమెందుకు? కాసిన నాలుగూ వండుకు తిన్నాం. దాచడానికి నువ్వున్నావుగా!"

అందరం నవ్వాం. అది నిజం కూడా. ఆవిడ ఉన్నంతకాలం మేం గింజ దాచాల్సిన పనేముంది? పొయ్యిలో నిప్పు పక్కింట్లో ఉంటే మనింట్లో దాచుకుంటామా? ప్రతి ఏడూ ఆవిడిచ్చేది, మేం నాటేవాళ్ళం, చివరి కాయ దాకా తినేసేవాళ్ళం.

ఆ తరవాతి వారంలో హాలిస్ తన ట్రక్కు నిండా పేడ ఎరువు తోలుకొచ్చాడు. కొందరు గులాబీలు తెస్తారు. హాలిస్ పేడ తెచ్చాడు, అదీ ఆర్నెల్లు మగ్గి నల్లగా పొడిపొడిగా ఉన్నది, చేతిలోకి తీసుకుని వాసన చూడాలనిపించే సరుకు. దాన్ని ఐసీ అత్త పెరటి గేటు దగ్గర దింపుతుంటే నేను అక్కడే ఉన్నాను.

"ఎండకి నీ నేల నీరసించింది ఐసీ. దీంతో లేచి కూర్చుంటుంది," అన్నాడు. అంత పొడుగు మాట ఆవులు లేకుండా ఆయన నోట రావడం అదే మొదలు.

ఐసీ అత్త ఆ కుప్పని చూసి, హాలిస్‌ని చూసి, తల పంకించింది. థాంక్స్ చెప్పలేదు. మా వైపు మొక్కకైనా, గింజకైనా, ఎరువుకైనా థాంక్స్ చెప్పకూడదు. చెబితే ఇక అది బతకదు. ఒకసారి కొత్తగా వచ్చిన పాస్టరు గారి భార్య యూలీన్ ఇచ్చిన గులాబీ కొమ్మకి పొరపాటున థాంక్స్ చెప్పేసింది. యూలీన్ ఆ కొమ్మని ఆవిడ చేతిలోంచి మళ్ళీ లాక్కుని, "మొదట్నుంచీ మొదలెడదాం," అంది.

"కాఫీ తాగు హాలిస్," అంది ఐసీ అత్త. మా భాషలో అది చాలా పెద్ద మాట. హాలిస్ చెవులు ఎర్రబడ్డాయి.

గుడ్ ఫ్రైడే నాడు చిక్కుడు నాటడం మా వాడుక. ఐసీ అత్త కర్రలు పాతి, వరస పొడుగునా ఎరువు కలిపి, గింజని కన్ను కిందికి ఉండేట్టు పెట్టి నాటింది. కొన్ని గింజలు మాత్రం సీసాలో వెనక్కి ఉంచుకుంది. అది ఆవిడకి వాళ్ళమ్మ నేర్పింది. మంచు కురిసినా, కాకి తవ్వినా మళ్ళీ నాటుకోవడానికి. పక్కనే రెండు సాళ్ళు మొక్కజొన్న, కొన్ని టమాటా మొక్కలు కూడా వేసింది, అదే ఎరువుతో.

మొలకలు బాగానే వచ్చాయి. రెండు ఆకులు వేశాక మూడో ఆకు ముడుచుకుంది. పసిపిల్లాడి పిడికిలిలా గట్టిగా బిగుసుకుపోయి, విప్పి చూస్తే లోపల, నీడలో పెరిగే ఫెర్న్ మొక్క చిగురులాగా సన్నగా మెలికలు తిరిగి ఉంది. తీగ కర్రని పట్టుకోవడం మానేసి తనలోకి తనే చుట్టుకుంటోంది.

శనివారం అరుగు మీద ఎవరి వైద్యం వాళ్ళు చెప్పారు.

"చలిగాలి తగిలింది," అన్నాను నేను.

"పేనుబంక. సబ్బునీళ్ళు కొట్టు," అంది యూలీన్. "లేకపోతే నువ్వు చంద్రుణ్ణి చూసుకోకుండా నాటావు."

"నేను చంద్రుణ్ణి చూడకపోయినా చంద్రుడు నన్ను చూస్తూనే ఉంటాడే."

"అయితే నిన్ను చూసి ఆయనకే భయమేసి ఆకులు ముడిచాడు."

హాలిస్ మాత్రం నవ్వలేదు. "బలం చాలక," అన్నాడు. "ఇంకో బండి తెస్తా."

తెచ్చాడు. మొక్క దిగులుగా ఉంటే మేం చేసేది అదే. మా తాతలు చేసిందీ అదే. పిల్లాడు నీరసంగా ఉంటే ఇంకో రొట్టె ముక్క పెట్టమూ? ఐసీ అత్త ముడుచుకున్న మొలకల్ని పీకేసింది. రెండో బండి ఎరువుని ఇంకా మందంగా కలిపింది. వెనక్కి ఉంచుకున్న సీసా తెచ్చి, అందులో ఉన్న గింజలన్నీ నాటేసింది. నేను నీళ్ళు మోసిపెట్టాను. యూలీన్ వచ్చి గేటు దగ్గర నిలబడి, "ఇంత ఎరువులో అయితే నేనే వేళ్ళు దింపుకుంటా," అంది.

ఈసారి రెండో ఆకే ముడుచుకుంది.

అప్పుడు ఐసీ అత్త నన్ను కౌంటీ వ్యవసాయ ఆఫీసుకి ఫోన్ చేయమంది. అక్కడి కుర్రాడు వచ్చాడు, మంచివాడే, మోకాళ్ళ మీద కూర్చుని ఆకుల్ని తిప్పి తిప్పి చూశాడు. చిక్కుడు చూశాడు. టమాటా చూశాడు, అదీ ముడుచుకునే ఉంది. మొక్కజొన్న మాత్రం నల్లపచ్చగా నడుము దాకా ఎదిగి గాలికి ఊగుతోంది. ఆ మొక్కజొన్నని చూశాక అతని ముఖం మారిపోయింది.

"పేడ ఎరువు ఎక్కణ్ణుంచి తెచ్చారమ్మా?"

ఐసీ అత్త వంగి ఏదో కలుపు పీకసాగింది. మాతోపాటే నిలబడి ఉన్న హాలిస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నాదే. నా ఆవులదే. ఆర్నెల్లు మగ్గింది. మందులేం వెయ్యను నేను."

"అవి తిన్నది మీ గడ్డేనా?"

హాలిస్ ఆలోచించాడు. "కిందటేడు వాన లేదు కదా. నాది మాడిపోయింది. బయట కొన్నా. ఎక్కణ్ణుంచో లారీ మీద వచ్చింది."

కుర్రాడు నెమ్మదిగా చెప్పాడు. పచ్చికలో ముళ్ళకలుపు రాకుండా కొట్టే మందొకటి ఉంది. గడ్డికి ఏం కాదు, ఆవుకి ఏం కాదు, తిన్న మందు అలాగే పేడలోకి దిగుతుంది. పేడ మగ్గినా అది చావదు. గడ్డి జాతిని ముట్టుకోదు కాబట్టి మొక్కజొన్నకి భయం లేదు. చిక్కుడూ, టమాటా లాంటివాటిని మాత్రం బతకనివ్వదు.

"కడిగితే పోదా?" అంది ఐసీ అత్త.

"పోదమ్మా."

"ఎన్నాళ్ళు?"

"నేలని బట్టి. మూడేళ్ళు పట్టొచ్చు. ఇంకా ఎక్కువే పట్టొచ్చు. గింజలింకా ఉంటే వేరే నేలలో..."

ఆవిడ చేతిలో సీసా ఉంది. దాన్ని తలకిందులు చేసి అతనికి చూపించింది. మూత కూడా పెట్టి లేదు.

మర్నాడు తెల్లారేసరికి హాలిస్ పార తీసుకుని వచ్చేశాడు. ఆ వరసంతా మోకాలి లోతు తవ్వి మట్టిని ట్రక్కులోకి ఎత్తడం మొదలుపెట్టాడు. మట్టి పోయినా గింజలు తిరిగి రావని ఆయనకి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఐసీ అత్త మధ్యాహ్నం దాకా కిటికీలోంచి చూసింది. తరవాత బయటికొచ్చి, "చాల్లే హాలిస్. గోతిలో పడి కాలు విరుగుతుంది నాకు," అంది. ఆయన ఆగాడు. పార ట్రక్కులో పడేసి వెళ్ళిపోయాడు. ఆ తరవాత అరుగు మీదికి రావడం కూడా మానేశాడు.

నేను ఆవిణ్ణి నా ట్రక్కులో ఎక్కించుకున్నాను. ఎన్ని ఏళ్ళుగా ఎంతమందికి పంచింది! ఎవరో ఒకరు దాచి ఉంటారు. మా మనసులో ఉన్న లెక్క అదొక్కటే. ఈ కొండల్లో ఆవిడ గింజ తిననివాడు లేడు, కాబట్టి గింజ ఉండే తీరాలి.

మొదటి ఇంట్లో మాకు నిమ్మకాయ కేకు పెట్టారు. "అయ్యో ఐసీ, అన్నీ తినేశాం. నీ దగ్గరున్నాయని కదా!" రెండో ఇంట్లో జామకాయ రంగు గోడల గదిలో కూర్చోబెట్టి తీపి టీ ఇచ్చారు. "నిన్ననే అనుకుంటున్నాం, మిస్ ఐసీ ఈసారి సీసా తేలేదేమిటా అని." మూడో ఇంటాయన, "మా ఆవిడ పోయాక పెరడు ఎత్తేశానత్తా," అని గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు. ప్రతి ఇంటా ఆవిణ్ణి కౌగిలించుకున్నారు. ప్రతి ఇంటా ఆ చిక్కుడు ఎంత బాగుండేదో చెప్పారు. రోజులు గడిచేకొద్దీ నేను ట్రక్కులో చెప్పే కబుర్లు పెద్దవయ్యాయి. నా టమాటా ఎరుపు చూసి గూడ్సు రైలు ఆగిపోయిందనీ, ఇంజను డ్రైవరు దిగి వచ్చి ఉప్పు అడిగాడనీ చెప్పాను. "పెట్టావా?" అని అడిగేది ఆవిడ, కిటికీ బయటికి చూస్తూ.

చివరికి సరస్సు ఒడ్డున రేఫర్డ్ అనే ఆయన ఇంటికి చేరాం. ఎప్పుడో మిల్లులో ఆవిడతో పనిచేశాడు. ఆయన అటక మీదినుంచి పెద్ద గాజు జాడీ నిండా గింజలు దించాడు. నేను లేచి నిలబడ్డాను.

"మీరిచ్చినవే మిస్ ఐసీ! ఏటా నాటుతున్నా, ఏటా దాస్తున్నా," అన్నాడు రొమ్ము విరుచుకుని.

ఆవిడ జాడీలో చెయ్యి పెట్టి అరచేతిలోకి గింజలు తీసుకుంది. పెద్దవి, బల్లపరుపుగా ఉన్నాయి. కొన్ని పాలతెలుపు. కొన్నిటి మీద పిట్టగుడ్డు మీదలాగా బూడిదరంగు చుక్కలు. చెయ్యి తిప్పింది. ఇంకో గుప్పెడు తీసింది. ఎర్రమచ్చ ఉన్న గింజ ఒక్కటీ లేదు.

"పక్కన ఇంకేం వేశావు రేఫర్డ్?"

"కొట్టులో కొన్న పెద్ద తెల్ల చిక్కుడు. ఒకే కంచె మీద రెండూ. చూడ్డానికి బాగుంటుంది."

"తేనెటీగలకీ బాగుంటుంది," అంది ఆవిడ.

ఆ పూలకీ ఈ పూలకీ తిరిగి రెండు జాతుల్నీ అవి కలిపేశాయని ఆయనకి అర్థం కాలేదు. "చిక్కుడు చిక్కుడే కదా మిస్ ఐసీ. తీసుకుపోండి." కాగితం సంచీలో నింపి ఇచ్చాడు. ఆవిడ తల పంకించి పుచ్చుకుంది. సరస్సు ఆయన పెరటి చివరే ఉంది. పడవల్లో ఎవరో చేపలు పడుతున్నారు. ఆవిడ అటు చూడలేదు.

దారిలో నేనూరుకోలేదు. "నాటుదాం అత్తా. మా పెరట్లో నాటుదాం, నా నేల మంచిది. వచ్చినవాట్లో మచ్చ ఉన్నవి ఏరి మళ్ళీ నాటి, మళ్ళీ ఏరి..."

"ఎన్నేళ్ళు ఏరతావు?"

"వచ్చేదాకా."

"మచ్చ రావచ్చు. అది మా అమ్మ గింజ అవదు. మచ్చ ఉన్న వేరే గింజ అవుతుంది." కాగితం మూతి మడిచి, "నువ్వు నాటుకో. కూరకి బాగుంటాయి," అని సంచీ నా ఒళ్ళో పెట్టింది.

మేం ఐసీ అత్త ఇల్లు చేరేసరికి యూలీన్ గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో మంచుపట్టిన ప్లాస్టిక్ సంచీ. రొప్పుతోంది.

"ఫ్రీజరు అడుగున దొరికింది! టిడ్‌మోర్ చిక్కుడే! నా చేతిరాతే, ఇదిగో చూడు!"

ఐసీ అత్త సంచీ అందుకుని వెలుతురుకి పట్టి చూసింది. మచ్చలు కనిపిస్తున్నాయి. మంచు కింద మసకగా, గోధుమరంగులోకి తిరిగి, కానీ అవే. నేను ఒక్క అరుపు అరిచాను. ఆవిడ అరవలేదు.

"ఫ్రీజర్లో పెట్టేముందు ఏం చేశావు యూలీన్?"

"అందరూ చేసేదే. వేడినీళ్ళలో ఒక ఉడుకు..." ఉడికిన గింజ మొలవదని అప్పుడు తట్టింది యూలీన్‌కి. తరవాత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని గేటు పట్టుకుంది.

"ఏడవకు," అంది ఐసీ అత్త. "మొక్కజొన్న రొట్టె చేస్తాను. డోయల్, పోయి హాలిస్‌ని తీసుకురా."

హాలిస్ రానన్నాడు. కొట్టంలో ఆవు పొదుగు దగ్గర కూర్చుని, పాలు లేని పొదుగు పిండుతున్నాడు. "ఆవిడ రమ్మంది, రాకపోతే నిన్నిక్కడే పూడ్చమంది," అని అబద్ధమాడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

బల్ల దగ్గర నలుగురం కూర్చున్నాం. ఐసీ అత్త ఆ గింజల్ని పంది కొవ్వు ముక్క వేసి వండింది. ముందుగా హాలిస్‌కే వడ్డించింది. ఆయన చెంచా పట్టుకుని గిన్నెలోకి చూస్తున్నాడు.

"తిను," అంది. "నువ్వు చేయాలని చేసింది కాదు."

"నేనే చేశాను ఐసీ."

"నువ్వే చేశావు. తిను."

ఆయన తిన్నాడు. యూలీన్ తిన్నది, ముక్కు చీదుకుంటూ. నేనూ తిన్నాను. ఐసీ అత్త అందరికన్నా ఆఖర్న ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిదానంగా నమిలింది. మేం ముగ్గురం ఆవిడ నోటి వైపే చూస్తున్నాం.

"మంచు రుచి," అంది చివరికి. "ఫ్రీజరు రుచి తప్ప ఇంకేం తెలియట్లేదు నాకు. మీకేమైనా తెలిసిందా?"

యూలీన్ తెలిసిందని అబద్ధమాడబోయి మానేసింది. హాలిస్ తల అడ్డంగా ఊపాడు.

ఐసీ అత్త లేచి గిన్నెలో మిగిలినవన్నీ పళ్ళెంలోకి ఒంపి పెరటి తలుపు వైపు నడిచింది.

"అయ్యో ఐసీ, ఉంచు! అవే ఆఖరివి!" అంది యూలీన్.

"ఉడికిపోయినవే అవి," అంది ఆవిడ వెనక్కి తిరక్కుండా. తలుపు తోసి, హాలిస్ తవ్విన గోతి పక్కగా వెళ్ళి, కోళ్ళ ముందు పళ్ళెం దులిపింది. కోళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. చూస్తుండగానే నేల శుభ్రం చేసి, ఇంకేమైనా ఉందా అని తలలు పైకెత్తాయి. హాలిస్ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఆవిడ ఖాళీ పళ్ళెం ఆయనకి అందించి, చేతులు గౌనుకి తుడుచుకుని, గుడ్లు ఏరడానికి కోళ్ళ గూటిలోకి వంగింది.